నడవాలో మొసలి

టైలరమ్మకు వీధిలో అందరి కొలతలూ నోటికొచ్చు. ఎదురింటాయన నడుం ఏ నెలలో ఎంత పెరిగిందో ఆయన పెళ్ళానికి తెలియకపోవచ్చు గానీ టైలరమ్మకు తెలుసు. అంత కొలతల మనిషి, పదకొండడుగుల పడవను ఇంటికి తెచ్చుకునే ముందు ఇంటిని మాత్రం కొలుచుకోలేదు. అదీ వరస!

పడవంటే పెద్ద పడవేం కాదు, కయాక్. ఒక్క మనిషి కాళ్ళు బారజాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. చెరువు దగ్గరున్న పడవల క్లబ్బువాళ్ళకు చిరిగిపోయిన లైఫ్ జాకెట్లన్నీ కుట్టిపెట్టింది టైలరమ్మ. వాళ్ళు ముచ్చటపడి ఒకరోజు ఆమెను కయాక్ ఎక్కించారు. ఎక్కిన మనిషి దిగితే ఒట్టు! ఆరు ఆదివారాలు వరసగా వెళ్ళింది. ఏడో ఆదివారం వాళ్ళు తమ దగ్గరున్న ఓ పాత ఆకుపచ్చ కయాక్‌ను ఆమెకే ఇచ్చేశారు. భర్త బస్సు డ్రైవరు. ఎవరి వ్యానో అడిగి దాన్ని ఇంటికి చేర్చాడు.

గుమ్మంలో దాన్ని చూసి అత్తగారు బుగ్గన వేలేసుకుంది.

"ఇదేంటే, మొసలిని తెచ్చారు?"

ఆ రోజునుంచి దాని పేరు మొసలే. ఇక చూడాలి దాని తిప్పలు! మంచం కిందికి తోస్తే తల ఒకవైపు, తోక ఒకవైపు బయటికొచ్చాయి. పెరట్లో పెడదామంటే, ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి వంకర తిరుగుతుందని క్లబ్బువాళ్ళు ముందే చెప్పారు. కుట్టుగదిలో పెడితే, గౌను కుట్టించుకోవడానికొచ్చిన ఆవిడ దాన్ని తన్నుకుని బోర్లా పడబోయింది. చివరికి వంటింటి గోడకు ఏటవాలుగా నిలబెట్టారు. అది మర్నాడు పొద్దున్నే గిన్నెల స్టాండు మీదికి ఒరిగి, ఇంటిల్లిపాదినీ లేపింది. సొట్టపడినవి మూడు గిన్నెలు. మూడూ అత్తగారివే. ఖర్మ కాకపోతే ఏమిటి?

అత్తగారు ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. డాక్టర్లు కూడా ఆవిడ మాటకు కిమ్మనేవారు కాదట.

"ఇదిగో అమ్మాయ్, ఆదివారం పొద్దుగూకేలోగా దీన్ని ఎవరి నడకకూ అడ్డం రాకుండా ఎక్కడైనా సర్దావా, ఉంచుకో. లేదా, ఇచ్చినవాళ్ళకే తిరిగిచ్చెయ్. నా మాటంటే మాటే," అంది.

పదహారో ఏటినుంచీ కుట్టుమిషను మీదికి వంచిన మెడ టైలరమ్మది. నీళ్ళ మీద కూర్చున్న గంటసేపే ఆ మెడ నిటారుగా నిలిచేది. ఆ గంటలో ఎవరి జాకెట్టూ గుర్తుకురాదు, ఎవరూ "అయిందా, ఇంకా కాలేదా?" అని అడగరు. ఇన్నేళ్ళకు తనకంటూ దొరికిన ఒకే ఒక్కటి ఆ మొసలి. అది పోతుందంటే ఆమెకు అన్నం సయించలేదు.

"రోట్లో తల దూర్చాం, ఇంక రోకటిపోటుకు భయపడితే ఎలా?" అన్నాడు డ్రైవరు. ఆయనకు నీళ్ళంటే చచ్చేంత భయం, ఈత రాదు. పెళ్ళాం కోసం మాత్రం నిచ్చెన ఎక్కుతాడు.

ఆదివారం పొద్దున టైలరమ్మ టేపు మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగింది. చూడగా చూడగా నడవా నచ్చింది. కుట్టుగదికీ, అత్తగారి గదికీ నడుమ పొడుగ్గా ఉంటుంది. పెంకుల కప్పు, తొమ్మిదడుగుల ఎత్తున అడ్డదూలాలు. గాలిలో వేలాడే వస్తువు ఎవరికి అడ్డం? ఇంట్లో అందరికంటే పొడుగు డ్రైవరు, ఆరడుగులు. ఆయన తల మీద నాలుగంగుళాలు వదిలితే చాలనుకుంది. మరీ పైకి కడితే, అయిదడుగుల తనకు చెయ్యి అందొద్దూ!

మధ్యాహ్నం అత్తగారు చెవి మిషను తీసి పక్కన పెట్టి, తలుపేసుకుని పడుకోగానే పని మొదలుపెట్టారు. కయాక్‌కు రెండు కొసలా పట్టుకోవడానికి పిడులుంటాయి. ఆ పిడులకు రెండు తాళ్ళు కట్టి, దూలాలకు వేలాడదీశారు. డ్రైవరు కింద అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు. తల తగల్లేదు.

"అబ్బ! నీ బుర్రే బుర్ర," అన్నాడు.

ఇద్దరూ పొంగిపోయి, టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళారు. నీళ్ళు మరగనేలేదు, ధన్ మని చప్పుడు.

చప్పుడు అత్తగారి తలుపుది. గదిలో బీరువాకు చోటు చాలడం లేదని, తలుపు బయటికి తెరుచుకునేలా పోయినేడాది ఆవిడే మార్పించింది. ఆ తలుపు ఏడడుగులు. మొసలి పొట్ట ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తున వేలాడుతోంది. తలుపు నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని, మొసలికి తగిలి ఆగిపోయింది. ఆ సందులో అత్తగారి కన్నొకటి, మళ్ళీ పెట్టుకున్న చెవి మిషనూ కనిపించాయి.

టైలరమ్మ నెత్తి కొట్టుకుంది. ఇంట్లో మనుషులందర్నీ కొలిచింది. తలుపును కొలవలేదు!

"అమ్మా, నువ్వు కంగారుపడకు," అన్నాడు డ్రైవరు కంగారుగా.

నడకకు అడ్డం రాకూడదన్న మనిషిని గదిలో పెట్టి మూసేశాక ఇంకేం మిగిలింది? టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓడిపోయానండి అత్తయ్యా. దించేస్తాం. రేపే ఇచ్చేస్తాను. ఏం చెయ్యను, దాని మీద కూర్చుంటే మెడనొప్పి ఉండదండీ. మనసులో బరువూ ఉండదు. అందుకే ఇంత పిచ్చి పట్టింది నాకు," అంటూ నిచ్చెనెక్కి ముడి మీద చెయ్యి వేసింది.

సందులోంచి చెవి మిషను సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ కన్ను కిందినుంచి పైకి, మొసలి తలనుంచి తోక దాకా మెల్లిగా తిరిగింది.

"ఆగవే! ఎవరే దాన్ని అలా కట్టింది?"

"నేనేనమ్మా," అన్నాడు డ్రైవరు, అడుగు వెనక్కి వేసి.

"సిగ్గులేకపోతే సరి! తలా కాళ్ళూ పట్టుకుని ఎత్తుతార్రా ఎవరినైనా? నడుం జారిపోదూ! ముప్పయ్యేళ్ళు మంచాల మీదినుంచి మనుషుల్ని ఎత్తాను నేను. ఒక చెయ్యి భుజాల కింద, ఒక చెయ్యి తొడల కింద. అప్పుడు బరువు సమంగా ఆనుతుంది. అది మనిషైనా అంతే, మొసలైనా అంతే!"

టైలరమ్మ నోరు తెరిచి చూసింది. క్లబ్బులో కయాక్‌లన్నీ అలాగే ఉంటాయి, రెండు కొసలకూ కాస్త లోపలగా వెడల్పాటి పట్టీల మీద. కళ్ళెదుట ఉన్నా ఎప్పుడూ పట్టించుకోలేదు.

"తాళ్ళు వద్దు, కోసుకుపోతాయి," అంది సందు. "నీ దగ్గర బ్యాగులకు కుట్టే పట్టీ ఉందిగా, ఆ వెడల్పుది. రెండు పేటలు వేసి కుట్టు. బకిల్ పెట్టు. లాగితే పైకి పోవాలి, వదిలితే చేతికందాలి."

"ముందు మిమ్మల్ని బయటికి తీసుకొస్తామండి అత్తయ్యా."

"నాకేం తొందర? నిద్రెలాగూ చెడగొట్టారు. నువ్వెళ్ళి కుట్టు."

మిషను అరగంట గడగడలాడింది. టైలరమ్మ జీవితంలో అంత గట్టి కుట్టు వేయలేదు. పట్టీలు దూలాలకు చుట్టి, ఒకటి మొసలి భుజాల కింద, ఒకటి తొడల కింద వేశారు. సందులోంచి ఆజ్ఞలు వస్తూనే ఉన్నాయి. "ఎడమ పక్క లాగు. అంత కాదు. మొద్దు వెధవా, మెల్లిగా! అదీ." మొసలి అంగుళం అంగుళం లేచి, దూలాలకు వీపు ఆనించి, కదలకుండా బుద్ధిగా పడుకుంది. తలుపు బార్లా తెరుచుకుంది.

అత్తగారు బయటికొచ్చింది. నడవాలో ఆ చివరనుంచి ఈ చివరకు నడిచింది. తిరిగి నడిచింది. చెయ్యెత్తి చూసింది, అందలేదు. టైలరమ్మ ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడింది.

"అడ్డం లేదు. మాటంటే మాటే. ఉంచుకో," అంది అత్తగారు.

టైలరమ్మ ఒక్క గెంతులో వెళ్ళి అత్తగారిని వాటేసుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని. డ్రైవరు సిగ్గుపడి టీ సంగతి చూడ్డానికి వెళ్ళాడు.

"చాల్లే, వదులు," అంది అత్తగారు. వదిలించుకునే ప్రయత్నం మాత్రం చేయలేదు. కాసేపయ్యాక, తల పైకెత్తి అడిగింది.

"నిజంగానే నొప్పి ఉండదా? నాకు నడుమూ, నీకు మెడా. ఇంతమందిని ఎత్తాను, నన్నెత్తిన మొహం ఒక్కటీ లేదు. నీళ్ళు ఎత్తుతాయంటావా?"

"ఎత్తుతాయండి అత్తయ్యా. పూలబుట్టను ఎత్తినట్టు ఎత్తుతాయి. కానీ మీకు..."

"నాకు ఈత వచ్చులేవే. నీ మొగుడికే రాదు. వచ్చే ఆదివారం నన్ను తీసుకెళ్ళు."

"తీసుకెళ్తాను. కానీ ఇది ఒక్క మనిషికేనండీ. ఇద్దరం పట్టం."

అత్తగారు మొసలిని చూసింది. దాని పక్కన ఖాళీగా ఉన్న దూలాలను చూసింది.

"అయితే ఇంకొకటి పడుతుందేమో కొలువు."

టైలరమ్మ మెడలోంచి టేపు తీసి, గబగబా నిచ్చెన వైపు నడిచింది.

"ముందు తలుపు కొలవ్వే!" అంది అత్తగారు.