లైను నంబర్ రెండులో తైబందీ

ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాడు కాగితం మీద సంతకం గీకితే ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ డబ్బా మూతపడుతుందని ఎవరైనా అంటే, రెండేళ్ల క్రితం వనజ కూడా నవ్వి ఊరుకునేది. ఈ ఏడు నవ్వలేదు. అమెరికా వాడు మన సరుకు మీద సుంకం పెంచాడు. పెంచింది చాలదన్నట్టు దాని మీద మళ్లీ పెంచాడు. వనజ పనిచేసే కంపెనీలో కుట్టే సంచులన్నీ వెళ్లేది అక్కడికే. సంచులంటే కూరగాయల సంచులు కావు, జంబో బ్యాగులు. ఒక్కోదానిలో టన్ను ఎరువో, మక్కలో నింపి, నాలుగు మూలలా ఉన్న చెవులకు కొక్కేలు తగిలించి క్రేనుతో ఎత్తుతారు. ఆ చెవులనే కంపెనీలో లూపులంటారు. లూపు ఊడిందంటే కింద నిలబడ్డవాడి బతుకు ఊడినట్టే.

వనజది చిట్కుల్. తరతరాలుగా కూలి చేసి బతికిన ఇంటి మనిషి, ఇప్పుడు లైను నంబర్ రెండుకి లీడర్. ఆ లైనులో సంచి ఒళ్లు కుట్టేది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, లూపులు వేసేది ఒడిశా నుంచి వచ్చిన మగవాళ్లు. వాళ్లలో ఆరితేరినవాడి పేరు దుశ్శాసన్. ఒడిశాలో ఆ పేరు పెట్టుకోవడం మామూలేనట గానీ, అతను చేరిన రోజున లైనులో ఆడవాళ్లంతా కొంగులు సవరించుకుని పగలబడి నవ్వారు. నవ్విన నోళ్లే వారం తిరక్కుండా అతని కుట్టు చూసి తెరుచుకుని ఉండిపోయాయి.

శ్రావణం మధ్యలో ఒక రోజు మేనేజర్ సునీల్‌కుమార్ వనజను లోపలికి పిలిచాడు.

"వనజమ్మా, అమెరికా పార్టీ ఆర్డర్లు ఆపేసింది. మిగిలిన చిల్లర ఆర్డర్లతోని సగం లైనే నడుస్తది. ఊరోళ్లను ఉంచి బయటోళ్లను పంపిద్దామని కాంట్రాక్టర్ అంటుండు. గేటు కాడ లొల్లి కూడ తగ్గుతది. నీ నౌకరీకైతే ఢోకా లేదు."

గేటు దగ్గర లొల్లి చేస్తున్నది మరెవరో కాదు, లైనులో వనజ పక్కన కుట్టే నాగేశ్వరి మొగుడు నర్సింగ్. నలుగురు కుర్రాళ్లను వెనకేసుకుని, లోకల్ వాళ్లకే కొలువులివ్వాలని రోజూ అరుస్తున్నాడు.

దాచడం దేనికి, మేనేజర్ మాట విని వనజ గుండె కుదుటపడింది. హమ్మయ్య, నేనున్నాను, నా వాళ్లున్నారు అనుకుంది. ఎంత మంచి మనిషైనా ముందు తన పొయ్యి చూసుకున్నాకే పక్కింటి పొయ్యి చూస్తాడు మరి.

ఇంటికి వచ్చి అదే మాట తండ్రి పెద్దరాములుకి చెప్పింది. పెద్దరాములు ఒకప్పుడు ఊరి చెరువుకి నీరడి. తూము ఎత్తేదీ, దించేదీ, ఏ మడికి ఎన్ని నీళ్లో పంచేదీ ఆయనే. ఇప్పుడు ఆ చెరువు కింది పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ఆయన అధికారం చెల్లేది టీవీ మీద ఒక్కటే. సీరియల్ మధ్యలో పలకరిస్తే మండిపడే మనిషి, ఆ రోజు తనంతట తానే దాని గొంతు తగ్గించాడు.

"ఒడిశోళ్లను ఎల్లగొడ్తరా? మంచిగున్నది. చెరువు సగమే నిండిన ఏడు మేం ఎవలిని ఎల్లగొట్టినం?"

"చెరువు ముచ్చట వేరు నాయినా."

"ఏం వేరు? నీళ్లు తక్కువున్న ఏడు తైబందీ పెట్టేటోళ్లం. తూము పక్క పొలమంత ఆ ఏడుకు ఊరిదన్నట్టు. ముప్పై ఎకరాల పటేల్‌కు దాంట్లనే ముక్క, పది గుంటలోనికి దాంట్లనే ముక్క. అందరికి జెరంత పండేది. ఎవలి పొయ్యి ఆరకపోయేది."

"పటేల్ ఊకున్నడా మరి?"

"ఊకుంటడా! కొసకున్నోళ్లకు నీళ్లెందుకని నా మీదికి కట్టె లేపిండు. నేనొక్కటే అడిగిన. పటేలా, రేపు వానకు కట్ట తెగితే మట్టి మొయ్య నువ్వొక్కనివే వస్తవా, కొసకున్నోళ్లను కూడ పిలుస్తవా అని. కట్టె దించిండు." పెద్దరాములు మళ్లీ టీవీ గొంతు పెంచాడు. "ఇగ జరుగు బిడ్డా, బొమ్మకు అడ్డమొస్తున్నవ్."

మర్నాడు కంపెనీ బస్సు దిగేసరికి వనజ మనసు మారిపోయింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర లైనందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఉన్న పనిని అందరం పంచుకుందాం. వారంలో సగం రోజులు సగం మంది, మిగతా సగం రోజులు మిగతావాళ్లు. ఊరివాళ్లు, ఒడిశావాళ్లు రెండు జట్లలోనూ ఉంటారు. జీతం సగమే వస్తుంది, కానీ ఎవరూ పోరు.

నాగేశ్వరి టిఫిను డబ్బా మూత టక్కున పెట్టింది. "వనజక్కా, నీకేమన్న దయ్యం పట్టిందా? మన పని మనకే కావాలని మా ఇంటాయన గేటు కాడ గొంతు చింపుకుంటుండు. నువ్వేమో ఉన్నదాంట్ల కూడ పంచుతనంటవ్. మంది ఎక్కువైతే సల్ల పలుచనైతది, తెల్వదా?"

"వాళ్లు పోతే లూపులెవలు ఏస్తరే?"

"నేనేస్త. కుట్టు కుట్టే గద!"

"అయితే రా, కూసో."

లూపుల మెషిను మామూలు కుట్టుమెషిను కాదు, పొగరుబోతు ఎద్దు. నాగేశ్వరి కాలు పెట్టిందో లేదో సూది టప్పున విరిగింది. కొత్త సూది వేస్తే లూపు పక్కకు పారిపోయింది. మూడోసారి కుట్టయితే పడింది గానీ, దుశ్శాసన్ వచ్చి వేలు పెట్టి లాగితే దారమంతా చేతిలోకి వచ్చింది.

"భాభీ, ఏక్ సాల్ లగ్‌తా," అన్నాడతను, ఇది పట్టుబడటానికి ఏడాది పడుతుందని, వైద్యుడు రోగం చెప్పినంత గంభీరంగా. లైను గొల్లున నవ్వింది. నాగేశ్వరి కూడా కోపం నిలుపుకోలేక నవ్వేసింది.

"ఆర్డర్లు ఇయ్యాల పోయినయ్, రేపొస్తయ్," అంది వనజ. "చెయ్యి తిరిగినోడు ఒక్కపారి పోతే మళ్ల రాడు. అప్పుడు ఆర్డరొచ్చినా మనం చేతులు ముడుసుకొని చూసుడే."

లైను గొణుక్కుంటూనే ఒప్పుకుంది. వెళ్లి చెబితే సునీల్‌కుమార్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఓనరు ఒప్పుకోడన్నాడు. వనజ అతని కుర్చీ పక్కనే నిలబడి, అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించింది. సునీల్‌కుమార్ అమెరికాలో ఉద్యోగం చేసి, అది పోయి, వీసా గడువు ముగిసేలోపు సామాను సర్దుకుని వచ్చినవాడని కంపెనీలో అందరికీ తెలుసు.

"సార్, కోపం చేసుకోవద్దు. మిమ్మల్ని ఆడ తీసేటప్పుడు ఏమన్నరు?"

అతను కిటికీ వైపు చూశాడు. "మీరు బయటోళ్లు, మీరు పోతే మా పిల్లలకు కొలువులొస్తయి అన్నరు."

"వచ్చినయా సార్?"

"యాడొచ్చినయ్! మేం పోయినంక ఆర్నెల్లకు ఆఫీసే మూసిండ్రు."

సునీల్‌కుమార్ లేచి ఓనరు గదిలోకి వెళ్లాడు. చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఓనరు ఒప్పుకున్నాడు, కానీ మెలిక పెట్టాడు. దసరా వరకే గడువు. ఆలోగా కొత్త పార్టీ దొరక్కపోతే లైను నంబర్ రెండుకి తాళం. అప్పుడు లోపలివాళ్లూ లేరు, బయటివాళ్లూ లేరు, లీడరమ్మతో సహా అందరూ ఇంటికే. అలా వనజ, ఢోకా లేని తన కొలువును చేజేతులా తీసి పందెంలో పెట్టింది.

ఆ రోజులు పగవాడికి కూడా వద్దు. సగం జీతంతో ఏ ఇంట్లోనూ కూర చిక్కగా ఉడకలేదు. దానికి తోడు పక్క సంచుల కంపెనీ బయటివాళ్లందరినీ ఒక్క దెబ్బకు పంపేసి, ఊరి కుర్రాళ్లను తీసుకుంది. నర్సింగ్ కూడా చేరాడు. గేటు గేటుకీ తిరిగి లడ్డూలు పంచాడు. వనజ కనిపిస్తే, "అక్కా, ఒడిశాల ఓట్లకు నిలబడతవా ఏంది?" అని వెక్కిరించాడు. అతని జట్టుకి వారమంతా పని, తన జట్టుకి సగం వారం. నాగేశ్వరి అయితే ముఖం చూడటమే మానేసింది. తప్పు చేశానేమో, ఇంతమంది కడుపు కొట్టానేమో అని వనజకు అన్నం సయించేది కాదు.

ఒక ఆదివారం దుశ్శాసన్ ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"దీదీ, సూరత్ నుంచి ఫోన్ వచ్చింది. ఆడ హఫ్తా మొత్తం పని ఉన్నదట. మావోళ్లు అడుగుతుండ్రు. ఇధర్ ఆర్డర్ ఆతా క్యా?"

వస్తుందనే అబద్ధం వనజ నాలుక చివరి దాకా వచ్చింది. వెనక్కి లాక్కుంది.

"తెల్వదు దుశ్శాసన్. వస్తదని చెప్పలేను. మీరు పోతమంటే తప్పు పట్ట."

అతను ఆమె ముఖంలోకి చూసి నెమ్మదిగా తలాడించాడు. "కాంట్రాక్టర్ అయితే ఝూట్ చెప్పేటోడు. నువ్వు చెప్పలే. రుకుతం దీదీ, దసరా దాక."

అతను వెళ్లాక వనజ తలుపు వేసుకుని కరువుతీరా ఏడ్చింది. నమ్మనివాళ్ల మాటలు పడటం కంటే నమ్మినవాళ్ల ముఖం చూడటమే కష్టం.

దసరా ఇంకా వారం ఉందనగా, బ్రెజిల్ నుంచి ఒక చక్కెర కంపెనీ మనిషి పటాన్‌చెరులో దిగాడు. వాళ్లకు కుప్పలుగా సంచులు కావాలి, అదీ జల్దీ. ముందు పక్క కంపెనీకే వెళ్లాడు. అక్కడ పరీక్షలో ఒకదాని తర్వాత ఒకటి లూపులు ఊడిపోయాయి. ముఖం వేలాడేసుకుని ఇక్కడికి వచ్చాడు.

"వనజమ్మా, ఒక్కటే సాంపిల్," అన్నాడు సునీల్‌కుమార్ పరుగున వచ్చి. "టన్ను సంచి అయిదు టన్నులకు ఆగాలె. ఆగితే పని మనదే."

ఆ మాట చిట్కుల్ దాకా ఎలా పాకిందో గానీ, ఆ రోజు వంతు లేనివాళ్లు కూడా వచ్చి షెడ్డు నిండా నిలబడ్డారు. ఒళ్లు నాగేశ్వరి కుట్టింది, ఎవరూ చెప్పకుండానే వచ్చి కూర్చుని. లూపులు దుశ్శాసన్ వేశాడు. గింజలు నింపిన సంచిని కొక్కేలకు వేలాడదీసి, పైనుంచి యంత్రం నొక్కడం మొదలుపెట్టింది.

ముల్లు రెండు దాటింది. మూడు దాటింది. సంచి మూలిగింది. నాలుగు దగ్గర గుడ్డ బిగుసుకుని పలచబడింది. అయిదు. కేక వెయ్యబోయిన జనాన్ని ఆగమని, బ్రెజిల్ మనిషి ఇంకా నొక్కమన్నట్టు వేలు చూపించాడు. ముల్లు ఆరు కూడా దాటింది. అప్పుడు సంచి అడుగు ఫట్‌మని పగిలి గింజలు జలజలా రాలాయి.

అందరి పై ప్రాణాలూ పైనే పోయాయి. ఆ మనిషి మాత్రం కింద గింజల వైపు చూడనే లేదు. తలెత్తి పైకి చూశాడు. కొక్కేలకు నాలుగు లూపులూ చెక్కుచెదరకుండా వేలాడుతున్నాయి. అతను పెద్దగా నవ్వి సునీల్‌కుమార్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"నీ కడుపు సల్లగుండ దుశ్శాసనా!" నాగేశ్వరి అరిచిన అరుపుకి షెడ్డు రేకులు అదిరాయి. అరిచి, పరుగున వచ్చి వనజను వాటేసుకుంది. "అక్కా, నువ్వే గెలిచినవే. మేమే తిట్టుకున్నం, నువ్వే గెలిచినవ్."

ఇంత సరుకు కుట్టడానికి మనుషులను పోగు చెయ్యాలంటే ఎన్నాళ్లు పడుతుందని బ్రెజిల్ మనిషి అడిగాడు. సునీల్‌కుమార్ షెడ్డంతా చెయ్యి తిప్పి చూపించాడు. ఎవరినీ పిలవనక్కర్లేదు, అందరూ ఇక్కడే ఉన్నారు, రేపే మొదలుపెడతాం అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్లు తడిసాయి. తుడుచుకోలేదు కూడా.

దసరా వెళ్లాక లైను వారమంతా నడిచింది. అది చాలక రెండో షిఫ్టు తెరిచారు. పక్క కంపెనీ గేటు మాత్రం అప్పటికే మూతపడింది. ఒక పొద్దున వనజ బస్సు దిగేసరికి నర్సింగ్, అతని వెనక పది మంది కుర్రాళ్లు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఈసారి అరుపుల్లేవు.

"అక్కా, మనుషులు గావాలటగా," అన్నాడు నర్సింగ్ నేల చూస్తూ.

వెనక నుంచి నాగేశ్వరి, మొగుడని కూడా చూడకుండా, "ఏందయ్యా, లడ్డూలు అయిపోయినయా?" అంది. వనజకు కూడా నాలుగు మాటలు అనాలనే ఉంది. ఇన్నాళ్లు మింగినవన్నీ నోటి దాకా వచ్చాయి. కానీ గెలిచినవాళ్లకు అంత కోపం అవసరం లేదనిపించి, "గావాలె. కాకుంటే పని నేర్వాలె మరి. రా తమ్మీ," అంది.

నేరుగా లూపుల మెషిను దగ్గరికి తీసుకెళ్లింది. దుశ్శాసన్ నర్సింగ్‌ను గుర్తుపట్టాడు. ఒక్క క్షణం చూసి, లేచి తన స్టూలే ముందుకు జరిపాడు. నర్సింగ్ కూర్చున్నాడు. అతను లూపు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏడ పట్టుకోవాలె, ఉస్తాద్?"

లైను నంబర్ రెండు మొత్తం చప్పట్లతో మార్మోగింది. వనజ చెయ్యి చాచి మెయిను స్విచ్ నొక్కింది. మెషిన్లన్నీ ఒక్కసారిగా లేచాయి.