లీలామణి కట్టిన మూట

కంప్యూటర్లో ఫైళ్ళని ఒక్క మూటగా కట్టే ఆజ్ఞ 'టార్' కొట్టి, మూట పేరు కొట్టి, అందులో పడాల్సిన వాటి పేర్లు వరసగా కొట్టి లీలామణి ఎంటర్ నొక్కింది. నిన్నటి రికార్డింగులు ఒక్కొక్కటే తెర మీద కనబడుతూ మూటలోకి పోయాయి. ముందుగా మూటకి పేరు పెట్టడం మరిచిపోతే ఈ యంత్రం మొదటి పాటనే మూట అనుకుని దాని మీదే కట్టేస్తుంది. ఆ పాట ఇక ఉండదు.

ఆ తప్పు లీలామణి ఏనాడూ చెయ్యలేదు. చేసింది స్టూడియో యజమాని మత్తాయి తరకన్. ఇదేం బ్రహ్మవిద్యా అంటూ ఓసారి ఆమెను లేపి, కుర్చీలో కూర్చుని పాటల పేర్లే కొట్టాడు. పోయిన మొదటి పాట ఆమె తండ్రి కొచ్చుకుంజుది. గొంతు పూర్తిగా పడిపోకముందు పాడిన పడవపాట, ఇంకెక్కడా లేదు. తరకన్ నవ్వేశాడు.

"పడవపాటే కదా లీలామణీ, నీళ్ళలో కలిసిందనుకో."

ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుని మిగిలిన పాటల్ని మూట కట్టింది. ఉప్పూకారం తినే మనిషే కాబట్టి మరిచిపోలేదు.

పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు. కింద పాత రీళ్ళ డబ్బా వేసుకుంటుంది. ఈమధ్య పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. కళ్ళద్దాలకి దారం. బల్ల మీద పేరు చెక్కిన చిన్న చెక్కపలక: లీలామణి కె. కేరళలోని అలప్పుళలో అందరిలాగే తండ్రి పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని చివర తగిలించుకుంది.

తరువాత కొన్నేళ్ళకు తరకన్ తన తల్లి చేత ప్రార్థనలూ పాత కబుర్లూ చెప్పించి రికార్డు చేశాడు. ఇంటి సంగతులు, ఎవరూ వినకూడదు, తాళం వేసి ఉంచమన్నాడు. పాస్‌వర్డ్ ఏమిటని అడగలేదు. ఆమె ఉండగా తనకెందుకనుకున్నాడు. ఆ మాట కొట్టేటప్పుడు అక్షరాలు తెర మీద కనబడవు. లీలామణి తన తండ్రి పేరు కొట్టి, మూట బిగించింది.

తల్లి పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం చర్చిలో సంవత్సరీకం. ఆ గొంతు అందరికీ వినిపించాలని తరకన్ ఆశ. మధ్యాహ్నం లీలామణి కర్రపెండలం దుంపలూ చేపల పులుసూ తింటుండగా పాస్‌వర్డ్ కోసం మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. తల్లి పేరు, పెళ్ళాం పేరు, చివరికి పెంపుడు కుక్క పేరు కూడా కొట్టి చూశాడట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెకి జాలి కలగలేదు, కడుపు చల్లబడింది.

"అది మీ ఇంటి పేర్లలో లేదు సార్."

"మరెవరింట్లో ఉంది?"

ముద్ద చేతిలోనే ఆగింది. మీ నాన్న పేరేమిటని ఒక్కసారి అడిగితే చాలు, ఆ నిమిషమే విప్పి ఇచ్చేద్దామని ఆమె ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. అతను, గుర్తు లేకే ఇలా అంటోందనుకుని, ముసలితనం వస్తే మతిమరుపూ వస్తుందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది.

సాయంత్రం యంత్రం ఆపి, రీళ్ళ డబ్బా బల్ల కిందికి తోసి, రేవులో పడవెక్కింది. కిటికీ పక్కన కూర్చుని ఇనుప కమ్మీకి తల ఆనించింది. ఆమె దిగాల్సిన రేవు రాగానే కండక్టర్ పేరు పెట్టి పిలిచాడు. లీలామణి లేవలేదు.

తరకన్ దహనానికి వెళ్ళాడు, నిజంగానే ఏడ్చాడు. ఏ గొంతు కోసం ఏడ్చాడో అతనికే తెలియాలి. శనివారం ఆమె కుర్చీలో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు. పాస్‌వర్డ్ తప్పు, పాస్‌వర్డ్ తప్పు అని తెర చెబుతూనే ఉంది. వెనక నిలబడ్డ సౌండ్ ఇంజనీరు ఫైసల్ మెల్లగా అన్నాడు.

"ఆమె ఇంటివాళ్ళెవరి పేరైనా అయ్యుంటుందేమో సార్."

"ఆమెకెవరున్నారయ్యా?"

కీబోర్డుకి అడ్డొస్తోందని పలకని మోచేత్తో పక్కకి జరిపాడు. అది బల్ల అంచున అతని వైపే తిరిగి ఆగింది: లీలామణి కె.