ఏడో పేరా

ఆ పొద్దున ఆకాశం కురిసేటట్టు లేదు, విడిచేటట్టూ లేదు. చర్చి శిఖరం వెనక మబ్బు కదలకుండా నిలబడి ఉంది. దేవిక ఇంటి ముందుగదిలోని తన కుట్టు షాపులో చివరి జాకెట్టుకు హుక్సు కుడుతోంది. వకీలు పదకొండింటికి రమ్మన్నాడు. పది దాటినా ఆమె సూది దించలేదు. జాకెట్టు ఇవాళే ఇస్తానని మాటిచ్చింది. తండ్రి భూమయ్య ఉతికిన ధోవతి కట్టుకొని గడపలో నిలబడ్డాడు.

"పోదామా బిడ్డా? సుప్రీంకోర్టు పనాయె, ఆలస్యం జేస్తే బాగుండది," అన్నాడు, ఆ కోర్టు బస్టాండు పక్కనే ఉన్నట్టు.

ఢిల్లీ కోర్టుతో తమకు పనిపడుతుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. దేవిక భర్త మల్లేశ్ పూణేలో సూపర్‌వైజరు. ఆమె బిడ్డను తీసుకొని మెదక్ వచ్చిన ఆరు నెలలకు పూణే కోర్టులో విడాకుల కేసు వేశాడు. ప్రతి వాయిదాకూ ఆమె పూణే పోవాలి. పోకపోతే ఆమె మాట వినకుండానే తీర్పు వస్తుంది. కేసును మెదక్ కోర్టుకు మార్చాలంటే, రాష్ట్రం దాటిన కేసు గనుక సుప్రీంకోర్టునే అడగాలి. వకీలు మదన్ మోహన్ మొదటిరోజే ఇదంతా చెప్పి, ఒక తెల్లకాగితం ఆమె ముందుకు తోశాడు. "తారీఖులు రాయి చెల్లె. పెండ్లి, బిడ్డ పుట్టింది, ఇల్లిడిచింది. గంతే."

ఆమె మూడు తారీఖులు రాసింది. తొమ్మిదేండ్లు మూడు వరుసల్లో అయిపోయాయి. రెండో కడుపు నాలుగో నెలలోనే పోయిన రోజు అందులో లేదు. దవాఖాన నుంచి వచ్చిన ఆ సాయంత్రమే మల్లేశ్ దోస్తులు వస్తే లేచి ఎనిమిది మందికి చపాతీలు చేసింది. "నేను జెయ్యమన్ననా? నువ్వే జేసినవ్," అన్నాడు తర్వాత. ఆమెకు జ్వరం వస్తే డ్యూటీ మానుకొని, తల ఒళ్లో పెట్టుకొని తడిగుడ్డ వేసినవాడు కూడా అతనే. ఆ తారీఖు ఏ వరుసలో రాయాలో వకీలు చెప్పలేదు, ఆమె అడగలేదు. కూరలో ఉప్పు తక్కువైనా, పుట్టింటికి ఫోన్ చేసినా, కొంచెం ఎదురు చెప్పినా మల్లేశ్ నోట ఒకటే మాట వచ్చేది: "నువ్వేం జేస్తున్నవ్? ఇంట్ల కూసుంటున్నవ్. నేను లేకుంటే గల్లీ మలుపు దాక పోలేవ్." అత్త పక్క గదిలోంచి అందుకునేది: "కూసుండి తినేటోళ్లకే రోషమెక్కువ." ఆ మాట అంటున్నప్పుడు అత్త కాళ్లకు నూనె రాస్తున్నది దేవికే.

ఇంకో సంగతి ఆమె తల్లికి కూడా చెప్పలేదు. కేసు ఇక్కడికి వస్తే మల్లేశ్ రావాలి. వాయిదా రోజున మెదక్ బస్టాండులో దిగుతాడు. కోర్టు వరండాలో బెంచీ మీద, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు కూర్చుంటారు. బిడ్డ వర్షితకు ముందుపండ్లు ఊడి కొత్తవి వచ్చాయి, చూస్తాడు. చూశాక ఏమన్నా అంటాడేమో. ఢిల్లీ దాకా కాగితాలు పంపుతున్నది కేసు కోసమా, ఆ బెంచీ కోసమా అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా మిషన్ ఇంకా గట్టిగా తొక్కేది.

మదన్ మోహన్ ఆఫీసులో ప్రింటు తీసిన కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఢిల్లీ వకీలు పంపిన పిటిషన్, ముప్పై రెండు పేజీలు. చివర ప్రమాణపత్రం. పైన రాసినవన్నీ నిజమని దేవిక నోటరీ ముందు ప్రమాణం చేయాలి.

"పేజీ పేజీకి సంతకం పెట్టు చెల్లె. నోటరీ సారు ఒంటిగంటకు అన్నానికి పోతడు."

దేవిక ఇంటర్ దాకా చదివింది. ఇంగ్లీషు కూడబలుక్కొని చదవగలదు. చదువుతూ సంతకం పెడుతూ పోయింది. ఏడో పేరా దగ్గర పెన్ను ఆగింది.

"సార్, శ్రేయ ఎవలు?"

వకీలు కళ్లద్దాలు కిందికి దించి చూసి నవ్వాడు. "గది పోయిన నెల వేసిన పిటిషన్. వేరే ఆమెది. దాన్నే మార్చి టైపు కొట్టిండ్రు, ఒక్క దగ్గర పేరు మార్చుడు మర్శిండ్రు. ఇటియ్యి, కొట్టేసి నీ పేరు రాస్త."

"పేరొక్కటే ఆమెదా? మిగిలింది నాదేనా?"

"ఈ పేరా అందరికీ గదే. ఏ పనీ చెయ్యది, సంపాదన లేదు, మగతోడు లేంది ప్రయాణం చెయ్యలేదు, తండ్రి మంచాన పడ్డడు. గిట్ల రాస్తెనే జర దయ పుడ్తది."

భూమయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "రాసుకోండ్రి సారూ, నాకేం నామోషి లేదు. అడిగితె మంచంల పండుకుంట."

వకీలు మళ్లీ నవ్వాడు. దేవిక ఆ పేరానే చూస్తోంది. తొమ్మిదేండ్లు వంటింట్లో విన్న మాట మంచి కాగితం మీద, పక్కన అంచు వదిలి, కోర్టు ఇంగ్లీషులో టైపయి ఉంది. ఏమీ చేయదు. ఒంటరిగా పోలేదు. మల్లేశ్ అన్నప్పుడు ఆమె ఒక్కనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు అది ఆమే అంటోంది, నిజమని ప్రమాణం చేస్తోంది. నెలకు రెండుసార్లు ఒక్కతే హైదరాబాద్ పోయి, లైనింగు బట్ట మూట భుజాన వేసుకొని సాయంత్రం బస్సుకు నిలబడి వచ్చే మనిషి. ఆ శ్రేయ ఎవరో, ఏం పనిచేసేదో. ఆమె కూడా ఇదే పేరా కింద సంతకం పెట్టింది. ఆమెకంటే ముందు ఇంకెవరో.

"ఈ పేరా తీసేయుండ్రి సార్."

"తీస్తె ఇంకేముంటది?"

"నేను కుట్టుపని జేస్త. వాయిదాకు పోతె మూడు రోజులు షాపు మూయాలె, బిడ్డను బడి మాన్పియ్యాలె. గందుకే మార్చుమంటున్న. గది రాయుండ్రి."

"పనిజేసుకునేదానివి పోయిరావచ్చు గదా అని కొట్టేస్తరేమో. అప్పుడు పూణే తిరుగాలె. మంచిగ ఆలోచించుకో."

"పోత."

అన్నాక తెలిసింది, తను ఏం పోగొట్టుకుందో. ఆమె పూణే పోగలదని కోర్టు అనుకుంటే మల్లేశ్ ఇక్కడికి రానక్కరలేదు. వరండాలో ఆ బెంచీ ఖాళీగానే ఉంటుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. వకీలు పెన్ను తీసి, ఏడో పేరా మీద అడ్డంగా గీత కొట్టాడు. మళ్లీ టైపు చేయించి తెప్పించడానికి వారం పడుతుందన్నాడు.

ఇంటికి వచ్చేసరికి వర్షిత మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. భూమయ్య వాకిట్లోనే భార్య ఆగమ్మకు నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆగమ్మ ఏదో అనబోయి, కూతురి ముఖం చూసి, లోపలికి పోయి పళ్లేలు పెట్టింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. నలుగురూ కూర్చున్నారు. వర్షిత ఒక్కొక్కరి ముఖమూ చూసి తల దించుకొని తినసాగింది. దేవిక కళ్లనీళ్లు పళ్లెంలో పడ్డాయి. తుడుచుకోలేదు. రొట్టె తుంచింది, పప్పులో అద్దింది, నమిలింది. ఆగమ్మ అడగకుండానే ఇంకో రొట్టె వేసింది. దేవిక వద్దనలేదు.