బాయిలర్ గది తాళంచెవి

మేనమామ మనవరాలి బాప్తిజం విందులో వైను సీసా బల్ల మీద పెట్టబోతుంటే సొలాంజ్ కాలికి గుడ్డ చాటున ఏదో గట్టిగా తగిలింది. వంగి గుడ్డ ఎత్తి చూసింది. ఇత్తడి పెడలు. ఊరి విందుల హాలులో ఇన్నేళ్లుగా జున్ను పళ్లేలూ గ్లాసులూ మోస్తున్న ఆ బల్ల అసలు బల్లే కాదు.

"మావయ్యా, ఇది పియానో!"

"తెలుసు" అన్నాడు ఫెర్నాన్ రొట్టె నములుతూ. "మంచి బల్ల. మూడు కాళ్లే అయినా కదలదు."

సొలాంజ్ బతుకుతెరువే పాత పియానోలు బాగుచేయడం. ఆ రోజు ఆమె కేకు ముట్టలేదు. మంచి గౌను వేసుకున్న సంగతి కూడా మరిచి, ఫోన్ వెలుగులో గుడ్డ కిందికి దూరింది. పారిస్‌లో ఎప్పుడో మూతపడ్డ కార్ఖానా పేరు. ఇప్పటి పియానోల్లోలా ఒకదానిమీదొకటి అడ్డంగా కాకుండా, దువ్వెన పళ్లలా పక్కపక్కనే సాగిన తీగలు. నూట యాభై ఏళ్ల నాటి గ్రాండ్ పియానో. మూతమీద గ్లాసుల అడుగులు చేసిన తెల్లటి వలయాలు.

ఫెర్నాన్ ఆమె తల్లికి ఆఖరి తమ్ముడు. ఊరికి ఉపమేయరు, హాలు తాళాలన్నీ ఆయన దగ్గరే. ఊరి బ్యాండులో ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర ఊదేదీ, ఆ బ్యాండుని నడిపేదీ కూడా ఆయనే.

"చలికాలంలో ఈ హాలు నేల మారుస్తున్నాం. దీన్ని చెత్త డంపుకి తోలేద్దామనుకున్నాం" అన్నాడు. "బాగుచేస్తానంటావా, చెయ్యి. నవంబర్లో వాద్యకారుల పండగ సంత్ సెసిల్‌కి మా బ్యాండుతో కలిసి మోగిందా, ఇక్కడే ఉంటుంది. మోగలేదా, లారీ ఎక్కుతుంది. కౌన్సిల్లో వాళ్లకి నేనేదో ఒకటి చెప్పుకోవాలిగా అమ్మాయ్."

ఆ రోజునుంచి సొలాంజ్ మనసు ఒకచోట నిలవలేదు. పియానో పెట్టె హాల్లోనే ఉంచి, లోపలి సరంజామా ఇంటికి తెచ్చుకుంది. ఎండాకాలమంతా భోజనాల బల్లనిండా తీగల్ని కొట్టే చిన్న సుత్తులే. పాత ఉన్ని పీకడం, కొత్త ఉన్ని అతికించడం. ఆమె భర్త రెజీస్ కంచం ఒళ్లో పెట్టుకుని తినేవాడు.

"వాళ్లు పియానోని బల్ల చేశారు. నువ్వు మన బల్లని పియానో చేశావు" అన్నాడొకసారి. సొలాంజ్ నవ్వలేదు. ఆయన మాట ఆమెకు చేరినట్టే లేదు.

అక్టోబర్లో కొత్త తీగలు ఎక్కించి బిగిస్తున్నప్పుడు చెక్కలోంచి టిక్కుమని వినపడింది. చెయ్యి ఆపింది. దీపం దగ్గరికి తెచ్చి చూస్తే, తీగల మేకులు దిగే చెక్కలో వెంట్రుకంత బీట. గబగబా తీగలన్నీ సడలించింది.

ఆ పియానో పుట్టిన కాలంలో ఫ్రాన్సులో శ్రుతి ఇప్పటికంటే కాస్త కిందికి ఉండేది. అంతవరకు చెక్క ఓర్చుకుంటుంది. బ్యాండు క్లారినెట్లూ ట్రంపెట్లూ ఇప్పటి శ్రుతివి. అక్కడిదాకా లాగితే బీట పగులవుతుంది. చెక్క మార్చాలంటే వసంతం దాకా పడుతుంది. అప్పటికి పియానో డంపులో ఉంటుంది.

రిహార్సల్‌లో బ్యాండు వాళ్లని నోరు విడిచి అడిగింది. "మీరే ఓ రవ్వ కిందికి రండి. గొట్టాలు కాస్త బయటికి లాగితే చాలు."

"నా క్లారినెట్టు ఇంకా లాగితే ఊడి ఒళ్లో పడుతుంది" అంది ఈవెట్. ఒకప్పుడు ఊళ్లో ఉత్తరాలు పంచిన మనిషి, ఇప్పటికీ వీధంతా వినపడేలాగే మాట్లాడుతుంది.

"ఇంతమందిమి ఓ చెక్కపెట్టె కోసం దిగిరావాలా?" అన్నాడు ఫెర్నాన్. "దాన్నే పైకి ఎక్కమను."

"ఎక్కితే పగులుతుంది మావయ్యా."

"అయితే దాని పని అయిపోయినట్టే."

పియానోని పాత శ్రుతిలోనే ఉంచి అలాగే వాయించి చూశారు. మొదటి పాట పరవాలేదనిపించింది. మూడో పాటకొచ్చేసరికి బ్యాండు ఒక దారి, పియానో ఒక దారి. వెనక కూర్చున్నవాళ్లెవరో పకపకా నవ్వారు.

సొలాంజ్ ఇంటికొచ్చి చారు గరిటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడిపోయింది. మొదటి పాట ఎందుకు నయమనిపించింది? అప్పటికింకా హాలు వేడెక్కలేదు. చలిలో ఊదే వాద్యాల శ్రుతి దిగుతుంది, తీగలు బిగిసి కాస్త ఎక్కుతాయి. హాలు వెచ్చబడేకొద్దీ రెండూ విడిపోయాయి.

"చారు పొంగుతోంది" అన్నాడు రెజీస్.

పండగ ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా సొలాంజ్ హాలుకి వెళ్లింది. సామాన్ల కోసమని మావయ్య దగ్గర అడిగి తీసుకున్న తాళాల గుత్తి చేతిలో ఉంది. బాయిలర్ ఆపింది. ఆ గదికి తాళం వేసి, ఆ ఒక్క తాళంచెవీ గుత్తిలోంచి తీసి కోటు జేబులో వేసుకుంది. కిటికీలన్నీ బార్లా తెరిచి, జనం వచ్చే వేళకి మూసింది.

"ఇది హాలా, చేపల గిడ్డంగా?" ఈవెట్ కేకేసింది. జనం కోట్లతోనే కూర్చున్నారు. మాటకో ఆవిరి.

ఫెర్నాన్ బాయిలర్ గది తలుపు రెండుసార్లు గుంజి, తిన్నగా ఆమె దగ్గరికొచ్చాడు.

"తాళంచెవి ఏదీ?"

జేబులో సొలాంజ్ పిడికిలి బిగిసింది. "ఒక్క పాట మావయ్యా. తర్వాత ఇచ్చేస్తాను."

"ముసలాళ్లున్నారిక్కడ. నీకు మతి గానీ పోయిందా?"

"ఒక్క పాట."

ఆయన మెడ ఎర్రబడింది. అందరూ చూస్తున్నారు. ఆయన వెళ్లి ట్యూబా ఒళ్లోకి తీసుకున్నాడు. సొలాంజ్ పియానో ముందు కూర్చుని శ్రుతి మెట్టు నొక్కింది. ఈవెట్ ఊదింది. ఆగి, క్లారినెట్టుని అనుమానంగా చూసి, మళ్లీ ఊదింది. ట్రంపెట్లు అందుకున్నాయి. దాదాపు కలిసింది. ఇంకా ఓ సన్నటి సందు మిగిలింది, చెవిలో ఈగలా.

ఫెర్నాన్ కళ్లెత్తి ఆమెను చూశాడు. తర్వాత ఎవరివైపూ చూడకుండా తన ట్యూబా గొట్టం వేలెడంత బయటికి లాగాడు. అది చూసి ట్రంపెట్ల వాళ్లూ లాగారు. ఈవెట్ గొణుక్కుంటూ తనదీ కొంచెం లాగింది.

వాల్ట్జ్ మొదలైంది. సొలాంజ్ వాయిస్తోంది కానీ పాట వినడం లేదు, చెక్కని వింటోంది. బ్యాండు గట్టిగా ఊదిన ప్రతిచోటా ఆమె భుజాలు బిగుసుకున్నాయి. ఎక్కడో కుర్చీ కిర్రుమంటే వేళ్లు తడబడ్డాయి. ఎలా ముగించిందో ఆమెకే తెలియదు. చేతి తొడుగులతోనే జనం చప్పట్లు కొట్టారు, దుప్పటి దులిపినట్టు. ఆమె లేచి, మేకుల చెక్కకి చెవి ఆనించింది. ఏమీ లేదు.

తాళంచెవి తీసి మావయ్య ముందుకి చెయ్యి చాచింది. ఆయన తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తన జేబులో వేసుకున్నాడు.

"ఎవరూ కోట్లు తీయకండి!" హాలంతా వినపడేలా అరిచాడు. "ఇంకా మూడు పాటలున్నాయి." ఆమెకే వినపడేలా అన్నాడు, "నేల తవ్వేటప్పుడు ఈ పియానోని ఎక్కడ పెట్టాలో నువ్వే చూడు. మా వాళ్లు మోస్తే గోడకి కొడతారు."

"మూడు పాటలా? బీట ఉంది మావయ్యా!"

"కూర్చో అమ్మాయ్."

ఒళ్లు వేడెక్కడానికి నాలుగు గుక్కలు తాగిన ఈవెట్ వైను గ్లాసుని అలవాటుగా పియానో మూతమీద పెట్టింది. సొలాంజ్ దాన్ని తీసి నేలమీద పెట్టి, మూత కొంగుతో తుడిచినట్టు కోటు చేత్తో తుడిచి, మెట్లమీద వేళ్లు పరిచింది.