నాలుగు వేళ్లు తగ్గిన పెనం

నేను ఒక ప్లాస్మా కట్టర్‌ని. కరెంటూ గాలీ తాగి ఇనుము కోస్తాను. నన్ను బిగించిన ఫ్యాక్టరీ చేతులు నా వైపు రెండోసారి చూడలేదు. నేనూ వాటిని తలచుకోను.

అనకాపల్లిలో బెల్లం పెనాలు చేసే సూరిబాబు నన్ను కొన్నాడు. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్లు నా లోపల పడకపోవడం నా అదృష్టం, అతని తెలివి కాదు.

అతని షెడ్డులో దాలినాయుడు ముప్పై ఏళ్లుగా గ్యాసుతో ఇనుము కోస్తున్నాడు. గ్యాసు మంటను ఒకచోట పట్టి, ఇనుము ఎర్రబడేదాకా ఆగి, అప్పుడు కదలాలి. నాతో ఆగకూడదు. మీట నొక్కగానే కోస్తాను, చేయి కదులుతూనే ఉండాలి. నన్ను అమ్మినవాడు ఈ మాట రెండుసార్లు చెప్పాడు. దాలినాయుడు రెండుసార్లూ బీడీ వెలిగించుకున్నాడు.

మూడోరోజు పొద్దున్నే, చెరుకు పండించి బెల్లం వండే గౌరమ్మ వచ్చింది. ఆమె పెనం అడుగు పగిలింది. చెరుకేమో అప్పటికే నరికించేసింది.

"రేపటికి కొత్త పెనం పొయ్యెక్కాల సూరిబాబూ. సెరుకు ఎండలో పడుంటే రసం పులిసిపోద్ది, బెల్లం కట్టదు. ఏడాది కట్టమంతా గంగపాలే."

ఆ కొలతకు షెడ్డులో ఒక్కటే రేకు ఉంది.

"మావా, కొత్త మిషనుతో కొయ్యి. సూసుకో, ఆగకూడదంట," అన్నాడు సూరిబాబు దాలినాయుడితో.

"నాకు సెప్తావేట్రా? నువ్వు లాగూ ఎరగనప్పట్నుంచి కోస్తన్నాను."

దాలినాయుడు సుద్దతో గుండ్రంగా గీత గీశాడు. నా మూతి గీత మీద పెట్టి మీట నొక్కాడు. నొక్కి, ఆగాడు. ఇనుము ఎర్రబడుతుందని చూస్తున్నాడు. నేను అప్పటికే రేకు తొలిచేశాను. కరిగిన ఇనుము చిమ్మి అతని మణికట్టు మీద పడింది. అతను చేయి విదిల్చాడు, మీట వదల్లేదు. గీత నుంచి లోపలికి నాలుగు వేళ్ల మేర కోత పడింది.

"ఓలమ్మో! పెనానికి ముక్కు కుట్టీసినావేటి బావా?" అంది గౌరమ్మ.

"అతుకేస్తాన్లే," అన్నాడు సూరిబాబు.

"అతుకు కాడ పాకం మాడిపోద్ది. నల్లబెల్లం నువ్వు తింటావేటి?"

వేరే దారి లేదు. నాలుగు వేళ్లు లోపలికి మళ్లీ గీత గీసి, ఈసారి సూరిబాబే కోశాడు. సాయంత్రానికి పెనం తయారైంది. పొయ్యి కన్నా చిన్నది.

"పొయ్యి గట్టు మట్టితో లోపలికి మెత్తుకుంటాను. మడిసిని మెత్తుకోలేం గదా," అని గౌరమ్మ బండెక్కించుకుపోయింది. మర్నాడు బెల్లం కట్టిందని కబురొచ్చింది.

ఆ కబురు విని దాలినాయుడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "దొంగ మిషను. ఎరుపు సూపించదు," అని నన్నే తిట్టి, పని మానేసి వెళ్లిపోయాడు. తప్పు తనదని ఒక్క మాట అనలేదు. సూరిబాబు అతన్ని ఆపలేదు.

తొమ్మిదేళ్లకు నా లోపలి బోర్డు కాలిపోయింది. బాగుచేసేవాడు దొరక్క నన్ను పాత ఇనుము కొట్టులో పడేశారు. పోయిన నెల నా పక్కకు ఒక పెనం వచ్చింది. అంచు చుట్టూ ఎండిన మట్టి అంటుకుని ఉంది.

దాన్ని ముక్కలు చెయ్యడానికి వచ్చినవాడు దాలినాయుడు. ఆ కొట్టులో గ్యాసుతో పాత ఇనుము కోస్తున్నాడట. పెనం అంచు గోకి మట్టి రాల్చాడు. మచ్చ ఉన్న చేతిని అంచుకు ఆనించి, దాని వెలుపల నాలుగు వేళ్లు పెట్టి చూశాడు. నా వైపు చూడలేదు. నేనూ అతన్ని క్షమించలేదు.

మంట వెలిగించి పెనం అంచున పట్టాడు. ఇనుము ఎర్రబడేదాకా ఆగాడు. అది ఎర్రబడింది.