మసీదు ముందు కొలతరాయి

సెమరాంగ్ అనే రేవుపట్నం పక్కన సముద్రపు కట్టకు మా కన్సల్టెన్సీ ప్లాను గీస్తోంది. ఒడ్డునున్న ఊరి నేల ఏటా ఎంత కుంగుతోందో కొలవడం నా పని. మూడేళ్లుగా మసీదు ముందు పాతిన రాయి నుంచి వీధి ఎత్తు కొలుస్తున్నాను. మూడేళ్లూ తేడా సున్నా. నేల గట్టిదని రాసి పారేశాను.

ఆ మధ్యాహ్నం భోజనానికి బు తర్మినీ అనే పెద్దావిడ తన ఇంట్లోనే నడిపే హోటల్లో అడుగు పెడుతుంటే ద్వారబంధం నుదుటికి ఠపీమని తగిలింది.

"ఇంత పొట్టి ద్వారం ఎవడు పెట్టాడమ్మా?" అని కసిరాను.

ఆవిడ పకపకా నవ్వింది. "నేను కాపరానికొచ్చినప్పుడు చెయ్యెత్తినా అందేది కాదు నాయనా. ఇల్లు కుంగినప్పుడల్లా మట్టి పోసి నేల లేపుకుంటున్నాం. ద్వారం లేవదుగా!"

"నేల కుంగట్లేదమ్మా. మా రాయి చెబుతోంది."

"ఆ రాయినేమన్నా ఆకాశంలో పాతారా? అదీ మాతోపాటే దిగుతోంది."

నుదురు తడుముకుంటూ బల్ల ముందు కూర్చున్నాను. ఆవిడ జాలిపడి వేయించిన సోయాగింజల టెంపే ముక్క ఒకటి ఎక్కువే వేసింది. హాయిగా తిన్నాను.

మర్నాడే దూరంగా, కుంగని కొండరాతి మీద కొత్త గుర్తు చెక్కించాను. మూడేళ్లలో నేను తీసిన సరైన కొలత నుదుటి మీది బొప్పి ఒక్కటే.