రెండు విజిళ్ళకు కదిలే బండి

మధ్యాహ్నం రెండింటికి బండి సరస్సు క్యాంపులోకి దిగేసరికి ఆమెకు ప్రాణం విసిగిపోయింది. ఇది పదకొండో సరస్సు. పదకొండింట్లోనూ నీళ్ళే. ఒడ్డున అవే మడత కుర్చీలు, అదే ఎండ. ఎక్కడా రెండు రాత్రులకు మించి ఉండనివ్వడు వాళ్ళాయన, మహానుభావుడు. మూడో రోజు పొద్దున ఆరు కొట్టేసరికి బండి రోడ్డెక్కాల్సిందే, ముందు స్టాపులో ఎవరో పడిగాపులు కాస్తున్నట్టు.

అలవాటు అలాంటిది మరి. ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఆమె అదే బస్సులో కండక్టరు. ఇరవై ఆరేళ్ళు ఒకే రూటు. పెళ్ళి కుదిరింది కూడా ఆ రూటు మీదే. రిటైరయ్యాక ఇద్దరూ కలిసి ఈ కారవాన్ కొన్నారు. లోపల మంచం, పొయ్యి, బిందెడు నీళ్ళు పట్టే సింకు. బస్సు పోయినా పద్ధతి మాత్రం పోలేదు. ఒక విజిలు వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. బండి వెనక్కి తీసేటప్పుడల్లా ఆమె దిగి, వెనక నిలబడి, విజిలు వేయాలి. "అద్దం అబద్ధం చెప్పొచ్చు గానీ మా ఆవిడ విజిలు చెప్పదు" అని కనబడ్డ ప్రతివాడి దగ్గరా గొప్పలు పోయేవాడు.

ఏడాదిగా ఆ విజిళ్ళు ఎక్కువయ్యాయి. ఎడమవైపు గోడ దగ్గరికొచ్చినా ఆయనకు తెలియడం లేదని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. కంటి డాక్టరు పేరెత్తితే మాట మార్చేసేవాడు. ఆమె కూడా గట్టిగా అడగలేదు. స్టీరింగు లేకపోతే ఆ మనిషి చేతులు ఎక్కడ పెట్టుకుంటాడో ఆమె ఊహకు అందలేదు. అందుకని నోరు మూసుకుని, ఒకటికి నాలుగు విజిళ్ళు వేస్తూ నెట్టుకొచ్చింది.

క్యాంపు మేనేజరు సగం నిద్రలో వచ్చి రెండు బళ్ళ మధ్య ఖాళీ చూపించాడు. "నీడ ఉన్న చోటు అదొక్కటే. కొంచెం వాలు ఉంది, చూసుకోండి" అని చెప్పి మళ్ళీ నిద్ర పూర్తి చేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆమె కాళ్ళీడ్చుకుంటూ దిగింది. రెండు విజిళ్ళు వేసింది, బండి వచ్చింది. ఒకటి వేసింది, ఆగింది. వాలులో జారకుండా వెనక చక్రం కింద చెక్క పెట్టాలని వంగింది. సరిగ్గా అప్పుడే, నీళ్ళలో హద్దుగా కట్టిన తాడు దాటి పోతున్న ఈతగాళ్ళను వెనక్కి పిలవడానికి ఒడ్డున కాపలా కాసేవాడు విజిలు ఊదాడు. రెండుసార్లు.

బండి వెనక్కి కదిలింది.

చక్రం చెక్కనెక్కింది. ఆమె వేళ్ళు వెంట్రుక వాసిలో బయటపడ్డాయి. పక్కకు పడిపోయింది, మోకాలు గీరుకుపోయింది. అరవబోయింది. నోట్లో ఉన్న విజిలు ఒకసారి మోగింది. బండి ఆగింది.

ఆయన దిగొచ్చి ఆమెను చూసి తెల్లబోయాడు. "రెండు విజిళ్ళు వినబడ్డాయి కదే."

"అవి నావి కావు."

"నీవే అనుకున్నాను."

"అద్దంలో నేను కనబడలేదా? చక్రం పక్కనే ఉన్నానుగా."

"ఎండ పడింది అద్దం మీద" అన్నాడాయన.

ఆమె తలెత్తి చూసింది. బండంతా నీడలోనే ఉంది. లేచి చీర దులుపుకుంది.

సాయంత్రం ఆమె టీ కాస్తోంది. ఎదురు బండివాళ్ళ పిల్లలు ముగ్గురు దారికడ్డంగా పరుగులు పెడుతున్నారు. చక్రం పక్కన వాళ్ళలో ఎవరైనా ఉండి ఉంటే? కోపం ఆయన మీద కంటే తన మీదే ఎక్కువగా వచ్చింది. జబ్బు ఆయనది, దాన్ని ఏడాదిపాటు కప్పిపుచ్చింది తను.

"రేపే బయల్దేరదాం. ఈ చోటు నాకు నచ్చలేదు" అన్నాడాయన, టీ గ్లాసులోకి చూస్తూ.

"నేను విజిలు వెయ్యనండీ."

"వెయ్యకు. అద్దాలున్నాయి. నువ్వు ఊదకపోతే బండి కదలదనుకున్నావా?"

ఆమెకు పోట్లాడే శక్తి లేదు. పడుకుందే గానీ, ఎన్ని విధాల చెప్పినా ఈయన వినడన్న సంగతే తలలో తిరుగుతూ ఉండిపోయింది.

పొద్దున ఆరు కాకముందే ఆయన కరెంటు వైరు చుట్టి లోపల పడేశాడు. టైర్లను తలా ఒక తన్ను తన్ని, చెక్క తీసి, సీట్లో కూర్చున్నాడు. ముందు ఎవరిదో కారు అడ్డంగా ఉంది. కాస్త వెనక్కి పోయి తిప్పితే గానీ దారి లేదు.

ఆమె వెనక్కి వెళ్ళలేదు. ఆగమని చెప్పడానికే పక్క తలుపు తీసుకుని లోపలికెక్కి, ఆయన సీటు వెనకే మంచం అంచున కూర్చుంది. ఇంజను చప్పుడులో ఆయన అది గమనించలేదు. మెడ సాచి అద్దంలోకి చూస్తున్నాడు.

"కనబడుతున్నావులే" అన్నాడు కిటికీ బయటికి. "ఊరికే చెయ్యి ఊపకు. పక్కకి జరుగు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. ఆయన భుజం మీదుగా అద్దంలోకి చూసింది. పక్క బండివాళ్ళు తాడు మీద ఆరేసిన తువ్వాలు గాలికి ఊగుతోంది.

"జరగమంటుంటే నిన్నే. ఆఁ, అంతే, అక్కడే ఉండు" అన్నాడాయన, గేరు మీద చెయ్యి వేసి.

ఏళ్ళ తరబడి బస్సు నిండా జనం మీద కేకలేసిన గొంతు తగ్గించుకుంది. నెమ్మదిగా ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నేనిక్కడున్నానండీ."

ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలోకే చూస్తూ ఉండిపోయాడు. "మరి అదెవరు?"

"ఎవరూ కాదు. తువ్వాలు."

"తువ్వాలునా ఇందాకట్నుంచీ జరగమంటున్నాను" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. తాళంచెవి తిప్పేశాడు. ఇంజను ఆగిపోయింది. చేతులు కాసేపు స్టీరింగు మీదే ఉన్నాయి. తర్వాత వాటిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నిన్న కూడా నువ్వు కనబడ్డావే" అన్నాడు. "దూరంగా, పక్కకి తప్పుకుని నిలబడ్డట్టు కనబడ్డావు. శుభ్రంగా కనబడ్డావు. అందుకే కదిపాను."

ఇన్నాళ్ళూ ఆయనకు కనబడటం లేదనే ఆమె అనుకుంది. లేనివి కూడా కనబడుతున్నాయని అనుకోలేదు. తన మాట నెగ్గిందన్న తృప్తి ఏ కోశానా లేదు. ఆయన మెడ వెనక చెమటను కొంగుతో తుడిచింది.

"డాక్టరుకి చూపించుకుందాం."

"ఊఁ."

"బండి ఇక్కడే ఉంచుదాం. మేనేజరుతో నేను మాట్లాడతాను. మన అమ్మాయి వచ్చి తీసుకెళ్తుంది."

"మరి మనం?"

"బస్సులో పోదాం."

ఎదురు బండి పిల్లలు లేచినట్టున్నారు, చప్పుడు మొదలైంది.

"నేనెప్పుడూ బస్సులో వెనక సీట్లో కూర్చోలేదే" అన్నాడాయన.

"నేను అసలు కూర్చోనే లేదు" అందామె.